క్వీన్‌ని ఇచ్చేసిన పదమూడేళ్ల పిల్లోడు

క్వీన్ పోతే ఆట అయిపోయినట్టే అని మన ఐరాల పక్క హాస్టల్ పిల్లలు బోర్డు మూసేస్తుంటారు. కాస్త ఆగండి. మన పెద్దోళ్లు మంత్రి అనే ఈ పావు పాతకాలంలో మూలగా ఒక్క గడే కదిలేది. ఇప్పటి బలం 15వ శతాబ్దం చివర యూరప్‌లో వచ్చింది.

1956 అక్టోబర్ 17, న్యూయార్క్. బాబీ ఫిషర్‌కి 13 ఏళ్లు, తల్లి ఒక్కతే పెంచిన పిల్లోడు. ఎదురుగా డొనాల్డ్ బైర్న్, 1953లో యూఎస్ ఓపెన్ గెలిచినాయన. బైర్న్ క్యాస్లింగ్ చెయ్యకుండా రాజుని నడిమధ్యన వదిలేశాడు. నా లెక్కన అసలు తప్పు అక్కడే.

బైర్న్ బిషప్ క్వీన్ మీదికొచ్చింది. ఎవరైనా క్వీన్‌ని జరుపుతారు కదా? 17వ ఎత్తులో ఫిషర్ తన బిషప్‌ని ఈ6లో పెట్టి ఊరుకున్నాడు! ఇది జూదం కాదబ్బా, లెక్క. క్వీన్‌ని వదిలి ఆ బిషప్‌నే తింటే, క్వీన్, గుర్రం వరసగా చెక్‌లిచ్చి చివరికి గుర్రంతో మాట్. బైర్న్ క్వీన్‌నే తిన్నాడు. అప్పుడు బిషప్, గుర్రం కలిసి చెక్ మీద చెక్. రాజు ఎఫ్1కీ జీ1కీ తిరుగుతుంటే, ఫిషర్ ఒక రూక్, రెండు బిషప్‌లు, ఒక బంటు కూడగట్టాడు. క్వీన్ ఒంటిదైంది.

41వ ఎత్తులో రూక్‌తో మాట్. బైర్న్ క్వీన్ అప్పటికీ బోర్డు మీదే, బీ8లో నిలబడి ఉంది.