నేటాలు ప్రవాసుల వార్ధక్యము - సంఘజీవనము

దక్షిణాఫ్రికా యందలి నేటాలునకు 1860 మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒడంబడికపై వలసవెళ్లిరి. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవున ఓడనెక్కినవారు. అందు ఆంధ్రులును కలరు. ఒడంబడిక అయిదేండ్ల దేహశక్తిని లెక్కించెను. పదియేండ్లకు తిరుగు ప్రయాణపు హక్కు నిచ్చెనే గాని, అచ్చటనే నిలిచినవాని ముదిమికి పూచీపడలేదు.

నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలనునదే నియమమగుటచే పలువురకు సంసార మేర్పడలేదు. 1895 నాటి చట్టము, అటుపై వచ్చి గడువు తీరినను నిలిచిపోయినవారిపై ఏటేట మూడు పౌనుల పన్ను విధించెను. అది 1914లో గాని తొలగలేదు. ఇట్టివారికి ముదిమికై కూడబెట్టుకొను అవకాశ మెక్కడిది?

కావున కుటుంబము చేయవలసిన పని సంఘముపై బడెను. 1912లో ఏర్పడిన ఆర్య యువక సభ 1921లో దర్బనునందు నిరాశ్రయులైన వృద్ధులకు ఆశ్రమము నెలకొల్పెను.

అయితే వృద్ధులు పోషణ పొందినవారు మాత్రమే కారు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ వెలసినప్పుడు, తెలుగును పుట్టినూర విని నేర్చినవారు ప్రధానముగా ముదిమికి చేరుచున్న ఆ తొలితరమువారే. ఒడంబడిక లెక్కలో చేరని వయస్సే సంఘమునకు భాషానిధి యయ్యెను. ప్రవాస చరిత్రను ఓడల పట్టికలతో ముగింపక, ప్రవాసుల కడపటి దినముల వరకు పరిశీలించుట పరిశోధకుల కర్తవ్యము.