మందుల చీటీ దుర్వినియోగం: దుకాణదారులు పాటించవలసిన నిబంధనలు

పత్తికొండ: టమాటా మార్కెట్టులో బుట్టలు మోసే కూలీకి నడుము నొప్పి తగ్గుటకు వైద్యుడు అయిదు రోజులకు వ్రాసిన ట్రమడాల్ మాత్రలను అదే చీటీపై నెలల తరబడి కొనుచున్నచో, ఔషధమే వ్యసనంగా మారు ప్రమాదం కలదు. ఆందోళన తగ్గుటకు వాడు ఆల్ప్రాజోలం విషయమూ అంతే.

ఈ రెండును షెడ్యూల్ హెచ్-1 మందులు. 2014 మార్చి 1 నుండి అమలులోనున్న ఈ షెడ్యూల్ ప్రకారం వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచవలెను. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి కూడ తెచ్చినారు.

అతి తేలికైన మోసం పాత చీటీని మరల చూపుట. 1945 నాటి ఔషధ నియమావళి 65వ నియమం ప్రకారం, తిరిగి ఇవ్వవచ్చునని వైద్యుడు వ్రాయనిదే ఒక చీటీపై ఒక్కసారి మాత్రమే మందు ఇవ్వవలెను. ఇచ్చునప్పుడు దుకాణం పేరు, చిరునామా, తేదీ వైద్యుని సంతకానికి పైభాగమున వ్రాయవలెను. ఈ చిన్న వ్రాత ఉన్నచో ఆ చీటీ మరొక దుకాణంలో చెల్లదు. చిన్న ఊరిలో అందరూ తెలిసినవారే గనుక మొగమాటం సహజం. అయినను తేదీ వేయక వదలుట రోగికి ఉపకారం కాదు. అంకెలు దిద్దినట్లు అనుమానం కలిగినచో వైద్యునికి ఫోను చేసి నిర్ధారించుకొనుట మేలు.

2025 మార్చి 21న 'ఆపరేషన్ గరుడ' పేరిట ఈగల్, ఔషధ నియంత్రణ, విజిలెన్స్ విభాగాలు రాష్ట్రవ్యాప్తంగా మందుల దుకాణాలను తనిఖీ చేసినవి. అక్రమ విక్రయాలపై 1972 నంబరుకు తెలియజేయవచ్చును.

అలవాటుపడినవారు ఆల్ప్రాజోలం ఒక్కసారిగా మానినచో మూర్ఛ రావచ్చును. వైద్యుని పర్యవేక్షణలో క్రమేపీ తగ్గించవలెను.