థ లోపలి చుక్క కనబడాలంటే ఎంత మానిటర్ కావాలి?

ఈ మధ్య నన్ను కలిసినవాళ్లలో చాలామంది ఒకటే ప్రశ్న వేస్తున్నారు. ల్యాప్‌టాప్‌కి విడిగా మానిటర్ కొనాలి, ఎన్ని అంగుళాలది తీసుకోవాలి, ఫోర్‌కే అవసరమా అని. చరిత్ర చెప్పుకునే మనిషిని ఇది అడగడమేమిటి అనుకోవచ్చు మీరు. కానీ దీనికి జవాబు సగం చరిత్రలోనే ఉంది. పైగా ఈ విషయంలో చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను.

సంగతేమిటంటే, నేను చాలా ఏళ్లుగా తెలుగు పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతున్నాను. 2020 దాకా కాగితం మీదే దిద్దేవాణ్ణి. లాక్‌డౌన్ వచ్చాక ప్రచురణకర్తలు పీడీఎఫ్‌లు పంపడం మొదలుపెట్టారు. పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్ మీద రోజంతా మెడ వంచి చదవలేక, ఇరవై ఏడు అంగుళాల మానిటర్ కొన్నాను. పెద్దది కదా, హాయిగా కనబడుతుందనుకున్నాను. రిజల్యూషన్ ఎంతో అడగను కూడా అడగలేదు. ఆ మానిటర్ మీద దిద్దిన మొదటి పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే, ముప్పై ఏడు చోట్ల ‘అర్థం’ బదులు ‘అర్ధం’ అని పడింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం కాస్తా అర్ధశాస్త్రమైంది, అంటే సగం శాస్త్రమన్నమాట! తప్పొప్పుల పట్టిక వేసి ప్రతి పుస్తకంలో అంటించారు. నేను డబ్బులు తీసుకోలేదు. రచయిత ముఖం మాత్రం చాలా రోజులు చూడలేకపోయాను.

థ కి, ధ కి తేడా లోపలి చుక్క ఒక్కటే. అదే ఒత్తుగా మారి ర కింద చేరితే, ఆ చుక్క ఇంకా చిన్నదైపోతుంది. మామూలు పన్నెండు పాయింట్ల అక్షరానికి సాధారణ కంప్యూటర్ తెర ఇచ్చేది పదహారు పిక్సెళ్ల ఎత్తు. అందులో కింది ఒత్తుకి మిగిలేది నాలుగో అయిదో. ఆ నాలుగైదు గళ్లలో గుండ్రం గీసి, దాని లోపల చుక్క కూడా పెట్టమంటే ఎక్కడ పెడుతుంది? బూడిద రంగు మచ్చ ఒకటి వేసి ఊరుకుంటుంది.

మరి ఈ పదహారు పిక్సెళ్ల లెక్క ఎక్కడ నుంచి వచ్చింది? 1984లో వచ్చిన మాకింటోష్‌ది తొమ్మిది అంగుళాల తెర, అడ్డంగా 512, నిలువుగా 342 చుక్కలు. అంగుళానికి 72 చుక్కలన్నమాట. కావాలనే అలా పెట్టారు. అచ్చు కొలతల్లో పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు. ఒక పాయింటుకి ఒక చుక్క. తెర మీద చూసిన సైజే కాగితం మీద వస్తుంది. తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇంకో వాదన తెచ్చారు. కాగితాన్ని చేతిలో పట్టుకుని చదువుతాం, తెర దానికంటే మూడో వంతు దూరంలో ఉంటుంది, కాబట్టి అక్షరాన్ని మూడో వంతు పెంచాలి అని. 72కి మూడో వంతు కలిపితే 96. విండోస్‌లో అదే స్థిరపడిపోయింది. ఆ తర్వాత పుట్టిన ప్రోగ్రాములు చాలావరకు అంగుళానికి 96 చుక్కలే ఉంటాయని నమ్మి రాసినవి.

ఇక్కడ మన తెలుగు డీటీపీ షాపులు గుర్తొస్తాయి నాకు. పదిహేడు అంగుళాల గాజు మానిటర్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఆ తెర మీద ఒత్తులు ఎవరికీ సరిగా కనబడేవి కావు. అయినా నష్టం లేకపోయింది. ఎందుకంటే ప్రూఫు లేజర్ ప్రింటర్ నుంచి వచ్చేది. 1985 నాటి ఆపిల్ లేజర్‌రైటరే అంగుళానికి 300 చుక్కలు వేసేది, తర్వాతివి 600 వేశాయి. తెర మీద టైపు చేసేవాళ్లం, కాగితం మీద చదివేవాళ్లం. చుక్కని కాపాడింది కాగితమే. 2020లో ఆ కాగితం తీసేశాం. తెర ఆ బరువు మోయగలదా లేదా అని మాత్రం చూసుకోలేదు, నాతో సహా.

మంచి తెరలు అప్పటికి లేవా అంటే, ఉన్నాయి. 2001లోనే ఐబీఎం టీ220 అని ఒక మానిటర్ తెచ్చింది. 22.2 అంగుళాలు, 3840 బై 2400. అంగుళానికి 204 పిక్సెళ్లు! ఇవాళ మనం ఫోర్‌కే అని మురిసిపోయేదానికంటే ఎక్కువే. ధర ఇరవై వేల డాలర్ల పైన. అమెరికాలో అణ్వాయుధాల పరిశోధన చేసే లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల లాంటి వాళ్లు కొన్నారు. దాన్ని నడపడానికి ఒక కేబుల్ చాలేది కాదు, నాలుగు కావాలి. అంతకంటే పెద్ద చిక్కు 96 తోనే వచ్చింది. ప్రోగ్రాములన్నీ 96 అనుకుని గీసేసరికి మెనూలు, బటన్లు చీమల్లా కనబడేవి. యంత్రం ముందుకెళ్లింది, సాఫ్ట్‌వేర్ వెనకే ఉండిపోయింది.

తర్వాత పదేళ్లపాటు మామూలు మానిటర్లు అంగుళానికి వంద పిక్సెళ్ల చుట్టూనే తిరిగాయి. కదలిక ఫోను నుంచి వచ్చింది. 2010లో ఐఫోన్ 4 అంగుళానికి 326 పిక్సెళ్లతో వచ్చింది. 2012లో ఆపిల్ అదే పని పదిహేను అంగుళాల ల్యాప్‌టాప్‌కి చేసింది, 2880 బై 1800. వాళ్లు పాటించిన కిటుకు చాలా సులువు. పాత లెక్కని సరిగ్గా రెట్టింపు చేశారు, ఒక పిక్సెల్ ఉన్నచోట నాలుగు. బటన్ సైజు మారదు, గీత నాణ్యత మారుతుంది. విండోస్‌లో ఒక్కో మానిటర్‌కి వేరే స్కేలింగ్ పెట్టుకునే వీలు 2013లో 8.1తో వచ్చింది. ల్యాప్‌టాప్ ఒక రకం, బయటి మానిటర్ ఇంకో రకం ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

సరే, ఎంత ఉంటే చాలు? దీనికి 1862 దాకా వెళ్లాలి. కళ్ల డాక్టర్ దగ్గర పైన పెద్దక్షరం, కిందకి చిన్నవవుతూ ఉండే చార్టు చూశారు కదా, అది నెదర్లాండ్స్‌లో హెర్మన్ స్నెల్లెన్ చేసింది. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వివరం పట్టగలదని దాని ఆధారం. మానిటర్ మనకి అరవై సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. లెక్క వేస్తే అంగుళానికి దాదాపు 145 పిక్సెళ్లు వస్తుంది. అక్కడ దాకా పెంచిన ప్రతి పిక్సెల్ కంటికి పనికొస్తుంది. ఆపైన లాభం లేదనను, కానీ తగ్గుతూ పోతుంది.

ఇప్పుడు నేను కొన్నదాన్ని ఈ తక్కెడలో పెట్టండి. ఇరవై ఏడు అంగుళాల్లో 1920 బై 1080 అంటే అంగుళానికి 82. నా పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఉన్నవీ అవే 1920 బై 1080, కానీ అంగుళానికి 157! అంటే డబ్బు పోసి నేను ఒక్క పిక్సెల్ కూడా అదనంగా కొనలేదు. ఉన్నవాటినే సాగదీసి కొన్నాను. అదే డబ్బుకి ఇరవై నాలుగు అంగుళాలది తీసుకున్నా 92 వచ్చేది, కొంత నయం. ఇరవై ఏడులో 2560 బై 1440 అయితే 109. ఎక్సెల్ షీట్లకి, కోడు రాసుకునేవాళ్లకి అది చక్కగా సరిపోతుంది, ఇంగ్లీషు అక్షరాలకి ఒత్తులుండవు కనక. తెలుగు చదివేవాళ్లకి మాత్రం నా ఓటు ఇరవై ఏడులో ఫోర్‌కే. 163 వస్తుంది. ముప్పై రెండులో ఫోర్‌కే అయితే 138, కాస్త వెనక్కి జరిగి కూర్చునే చోటుంటే అదీ మంచిదే. జూమ్ చేసుకుంటే పోలేదా అంటారు. చేసి చూశాను. 200 శాతం పెడితే చుక్క కనబడుతుంది, పేజీ కనబడదు. ప్రూఫు దిద్దేవాడికి వాక్యం నడక కూడా కావాలి.

ఫోర్‌కే కొన్నాక కూడా వారం రోజులు ఇబ్బంది పడ్డాను. మౌస్ బాణం తడబడుతూ కదిలేది. మానిటర్ తప్పు కాదు. నా ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పాత 1.4 రకం, ఫోర్‌కేని సెకనుకి ముప్పై సార్లే పంపగలదు. అరవై కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ గానీ, బొమ్మ పంపగలిగే టైప్‌సీ గానీ ఉండాలి. నా దాంట్లో టైప్‌సీ ఉంది కాబట్టి బతికిపోయాను. మీరు కొనేముందే ఆ రంధ్రం ఏమిటో చూసుకోండి. విండోస్ అయితే స్కేలింగ్ 150 శాతం పెట్టండి, 2560 బై 1440 అంత చోటు, ఫోర్‌కే అంత స్పష్టత వస్తాయి.

ఆ పుస్తకం రెండో ముద్రణకి వచ్చినప్పుడు ఫైలు మళ్లీ నాకే పంపారు. అడిగి తీసుకున్నాను లెండి. కొత్త తెర మీద చదివితే, ఆ ముప్పై ఏడు కాక ఇంకో ఆరు దొరికాయి. అందులో ఒకటి తప్పొప్పుల పట్టికలోనే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో కీబోర్డుల సంగతి చూద్దాం. ఉంటాను, నమస్కారం.