నాయనమ్మ పాడిన వరస

ఒంగోలుకీ చిలకలూరిపేటకీ నడుమ నల్లరేగడి పల్లె మాది. నెలకొక ఆదివారం గుడిలో ప్రభు బల్ల ఉండేది. మిరపకోతల రోజుల్లోనూ ఆ పూట మా ఇంట్లో ఎవరూ కూలికి వెళ్లేవారు కాదు. అయ్యగారు రొట్టె విరిచే వేళకు మా నాయనమ్మ పాట ఎత్తుకునేది. గుడంతా ఆమె వెనకే అందుకునేది.

8వ తరగతిలో మన బడిలో చేరాక పట్నంలో చర్చికి వెళ్లేవాణ్ణి. అక్కడ అదే పాటను హార్మోనియం మీద వేరే వరసలో పాడారు. సెలవులకు ఇంటికెళ్లి, "నాయనమ్మా, నువ్వు తప్పు పాడుతున్నావు" అన్నాను. "నాకు చదువు రాదు అబ్బాయా. మా అమ్మ పాడిందే పాడా" అంది. ఆ తర్వాతి బల్లకు ఆమె పాట ఎత్తుకోలేదు.

ఈ పాటల వెనుక మన ప్రాంత చరిత్ర ఉంది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చారు. 1866లో బాప్టిస్టు మిషనరీ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించారు. కరువు ముగిసే వేళ, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావిని ముట్టనివ్వని మనుషులు ఇక్కడ ఒకే బల్ల నుంచి రొట్టె అందుకున్నారు. చదువు వచ్చినవారు చాలా తక్కువ. అందుకే పాట చెవి నుంచి చెవికే నడిచింది.

ఆ పాటలు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి పడమటి దారి. ఇంగ్లీషు పాటకు పాదంలో అక్షరాల లెక్క ప్రధానం. లెక్క సరిపోతే ఒక వరసను ఇంకో పాటకు వాడుకుంటారు. యేసు శ్రమల పాటగా లోకమంతా పాడే ఒక వరసను 1601లో జర్మనీలో హాస్లర్ మొదట ప్రేమగీతానికి కట్టాడు! తెలుగుకు గురువు, లఘువు ముఖ్యం. అందుకే తర్జుమా పాటల్లో పొట్టి అక్షరాన్ని సాగదీయవలసి వస్తుంది.

రెండోది మన దారి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) క్రైస్తవుడై, తెలుగులో వందకు పైగా కీర్తనలు రాశారు. త్యాగరాజు ఇంకా జీవించి ఉన్న కాలమది. పల్లవి, చరణం, రాగం, తాళం అన్నీ మనవే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో నేటికీ పాటల నెత్తిన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి.

ఆ పుస్తకమే ఒకరోజు మన తెలుగు మాస్టారికి చూపించాను. ఆయన చర్చి గడప తొక్కినవారు కాదు గానీ, నాటక పద్యాలు రాగయుక్తంగా పాడేవారు. పాట నెత్తిన 'శంకరాభరణం' అని చూసి, రెండు వరసలూ పాడమన్నారు. పాడాను. "ఒరేయ్, రాగం పేరు వేశారు, తాళం పేరు వేశారు. స్వరం రాయలేదు. ఆ రాగంలో పది వరసలు కట్టవచ్చు. మీ నాయనమ్మది తప్పని ఎవడన్నాడురా?" అన్నారు.

అన్నది నేనే అని చెప్పలేకపోయాను. తర్వాతి సెలవుల్లో నాయనమ్మను పాడమని బతిమాలాను. నవ్వి ఊరుకుంది. నేను ఇంజనీరింగులో ఉండగా పోయింది. ఆ వరసలో పల్లవి నాకు వచ్చు. చరణం ఎక్కడ పైకి లేస్తుందో గుర్తు లేదు.

ఇంజనీరుగా నాకు తెలిసిన సంగతి ఒకటి: నకలు లేని డ్రాయింగు పోతే కట్టడాన్ని చూసి మళ్లీ గీసుకోవచ్చు. పాడే మనిషి పోతే వరసకు ఆ వీలూ లేదు. మన సంఘంలో అన్ని మతాలవారూ ఉన్నారు. చర్చి పాటయినా, రామ భజనయినా, పీర్ల పాటయినా, మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడేది ఈ సంక్రాంతికి ఫోనులో రికార్డు చేయండి. వరస తేడాగా ఉందని మాత్రం వాళ్లతో అనకండి.

నన్ను సరిదిద్దిన మాస్టారికి నమస్కారాలతో.