రెండు కన్నుల కెమెరా

చూచుటకొక కన్ను, చిత్రించుటకొక కన్ను గల కెమెరాలు 19వ శతాబ్దములోనే ఉండెను; కాని అవి పెద్ద పెట్టెలు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరమున 1920లో పాల్ ఫ్రాంకె, రైన్‌హోల్డ్ హైడెకె నెలకొల్పిన సంస్థ 1929లో రోలీఫ్లెక్సును వెలువరించి, ఆ పెట్టెను రెండు చేతుల నడుమ ఇమిడ్చెను.

పై కటకము గుండా వచ్చిన వెలుగు ఏటవాలు అద్దముపై పడి, గరుకు గాజుపై బొమ్మ కట్టును. తలవంచి చూచు మనకు బొమ్మ నిటారుగనే కనబడును గాని కుడియెడమలు తారుమారగును. క్రింది కటకము ఫిల్ముకొరకు. రెండును ఒకే పలకకు బిగింపబడి కలసి కదలుటచే, పైన తేటపడినది క్రిందను తేటపడును. మీట నొక్కిన క్షణమునను చూపు తెగదు. మిక్కిలి దగ్గరి వస్తువుల విషయమున మాత్రము రెండు కన్నులకు పొత్తు కుదరదు.

1945లో దాఖౌ నిర్బంధ శిబిరమున తాను చూచిన ఘోరములను లీ మిల్లర్ రోలీఫ్లెక్సుతో చిత్రించెను. అవి కాదనరాని సాక్ష్యములై నిలిచెను.

నేడు పాత కెమెరాను కొనగోరువారికి మా మనవి ఇది. కటకమును దీపమునకెత్తి బూజు లేదని చూడవలెను. ఒక సెకను వేగమున షట్టరు తడబడుచున్నదేమో వినవలెను. ఫిల్ము చుట్టు మరను ఆడించి చూడవలెను. 1929 నాటి తొలి నమూనాకు తగిన ఫిల్మును నేడెవరును చేయరు. 1932లో వచ్చిన నమూనాకు 120 ఫిల్ము చాలును. 1901లో పుట్టిన ఆ ఫిల్ము నేటికిని దొరకును. చుట్టకు 12 చదరపు బొమ్మలే. ఇది సాక్ష్యముగా నిలువదగినదా యని ప్రతి బొమ్మకు ముందు ఆ 12 అంకె మనలను అడుగును. ఆ ప్రశ్నకొరకే ఈ కెమెరాను చేపట్టవలెనని మా తలంపు.