బళ్లారి సీమలో వడ్డీకి హద్దు

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజు పాత బళ్లారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా విచారణ తర్వాత బళ్లారి తాలూకా, తక్కిన తాలూకాలతో పాటు, మైసూరుకు దక్కింది. భాష గురించీ తుంగభద్ర గురించీ ఆనాడు సాగిన వాదాలు అందరికీ తెలిసినవే. నేను చెప్పబోయేది అప్పుల సంగతి. కొత్త సరిహద్దుకు ఇటున్న రైతుకూ అటున్న రైతుకూ ఆ రోజు వర్తించిన రుణ చట్టం ఒక్కటే. అది మద్రాసు ప్రభుత్వం 1938లో చేసిన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం.

ఆ చట్టం పెట్టిన వడ్డీ హద్దుకు మూలం చాలా పాతది. ఒకేసారి రాబట్టుకునే వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి చెప్పింది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కళ్యాణి చాళుక్యుల ఆరవ విక్రమాదిత్యుని కాలం వాడు. బళ్లారి సీమ అప్పుడు ఆ రాజ్యంలోదే. ఆంగ్లేయుల కాలపు కోర్టులు ఈ నియమాన్ని దామ్‌దుపట్ అన్నాయి. బొంబాయి ప్రెసిడెన్సీలోనూ కలకత్తా నగరంలోనూ హిందువుల అప్పుల విషయంలో దాన్ని పాటించాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో పాటించలేదు. పైగా 1855లో వడ్డీకి హద్దులు పెట్టే చట్టాలనే కంపెనీ ప్రభుత్వం రద్దు చేసింది. పత్రం మీద ఎంత వడ్డీ రాస్తే అంతా కోర్టు ఇప్పించే రోజులు వచ్చాయి.

1800లో నిజాం వదులుకున్న దత్తమండలాల్లో బళ్లారి ఒకటి. నల్లరేగడి, జొన్న, పత్తి, నమ్మలేని వాన. 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఎద్దులకూ విత్తనాలకూ తకావీ, అంటే సర్కారు అప్పు, ఇప్పించాడు. అయినా రైతు అవసరానికి తకావీ ఏనాడూ సరిపోలేదు. 1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పుపత్రాలు తగలబెట్టారు. నాలుగేళ్లకు అక్కడ దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం వచ్చింది. 1876-78 నాటి ఘోర కరువులో బళ్లారి ఆ జిల్లాల కంటే ఎక్కువే నలిగినా ఇక్కడ అలాంటి తిరుగుబాటు లేదు. ఈ మెట్టప్రాంతంలో అప్పిచ్చేది చాలావరకు ఊళ్లోని పెద్దరైతేనని చరిత్రకారుడు డేవిడ్ వాష్‌బ్రూక్ వాదించాడు. విత్తనం అతనిదే, పంట కొనేదీ అతనే, చావడిలో మాట చెల్లేదీ అతనిదే. అతని పత్రం తగలబెడితే మరుసటి ఏడాది గింజలెక్కడివి? ఆ వాదన నాకు సబబుగా తోస్తుంది. బళ్లారిలో అల్లర్లు లేకపోవడాన్ని సుఖానికి గుర్తుగా చదవకూడదు.

1918లో అధిక వడ్డీ రుణాల చట్టం వచ్చింది. వడ్డీ అన్యాయమనిపిస్తే న్యాయమూర్తి ఒప్పందాన్ని తిరగదోడవచ్చు. కానీ అంకె ఏదీ పెట్టలేదు. అంతా న్యాయమూర్తి విచక్షణే. 1930ల మాంద్యంలో పంటల ధరలు పడిపోయాయి, పత్రం మీది రూపాయలు మాత్రం తగ్గలేదు. 1935లో సత్యనాథన్ నివేదిక వ్యవసాయ రుణభారాన్ని ప్రభుత్వం ముందు పెట్టింది. 1937 ఎన్నికల్లో గెలిచిన రాజాజీ మంత్రివర్గం మరుసటి మార్చిలో చట్టం తెచ్చింది. 1932 అక్టోబర్ 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా రద్దు. అసలుకు రెట్టింపు ఇప్పటికే చెల్లించి ఉంటే అప్పే రద్దు. కొత్త అప్పుల మీద ఏడాదికి నూటికి ఆరుంబావు, అదీ బారువడ్డీయే. మద్రాసు కోర్టులు పక్కన పెట్టిన పాత హద్దును శాసనసభ అలా తిరిగి నిలబెట్టింది. అయితే భూమి లేని నేతగాడికీ బండి తోలేవాడికీ ఈ చట్టంలో చోటు లేదు. ఆ లోటు తీర్చే ప్రయత్నం 1976లో కర్ణాటకలోనూ 1977లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జరిగింది.

ఇలాంటి చట్టం చేసే అధికారం ఎవరిదన్న ప్రశ్న కూడా 1938 చట్టంతోనే మొదలైంది. ప్రామిసరీ నోట్లు కేంద్ర జాబితాలోవి కాబట్టి రాష్ట్రం వాటి జోలికి రాకూడదని అప్పులవాళ్లు ఫెడరల్ కోర్టుకెక్కారు. 1940లో సుబ్రహ్మణ్యన్ చెట్టియార్ కేసులో మద్రాసు చట్టం నిలిచింది.

ఆ ప్రశ్న మళ్లీ లేచింది మన కాలంలోనే. 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం వసూళ్లు కూడవు. వడ్డీ అసలును మించరాదు. రాయదుర్గం మహిళకు ఈ రక్షణ దొరికింది, బళ్లారి మహిళకు దొరకలేదు. రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి, కొత్త అప్పులూ ఆగాయి. దెబ్బతిన్న సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ చేయి ముడుచుకోవడంతో అక్కడి జిల్లాల్లో కూలిరేట్లు సైతం తగ్గాయని ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ పరిశోధన తేల్చింది. హద్దు పెట్టేవారు ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో సుప్రీంకోర్టు నెడుంపిల్లి ఫైనాన్స్ కేసులో తీర్పిచ్చింది. మరుసటి ఏడాది తెలంగాణ హైకోర్టు 2010 ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టానికీ అదే సూత్రం పట్టించింది. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక తెచ్చిన ఆర్డినెన్స్ బలవంతపు వసూళ్లకు పదేళ్ల వరకు జైలుశిక్ష పెట్టింది. అది శిక్షించేది వసూలు తీరును. వడ్డీ ఎంతన్నది వేరే ప్రశ్న. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి, నెల కిస్తులు కుటుంబ ఆదాయంలో సగం దాటరాదని చెబుతూనే, సూక్ష్మరుణాల వడ్డీరేటుపై అంతకుముందున్న పరిమితిని ఎత్తేసింది.

జీతం అందేదాకా ఇచ్చే చిల్లర అప్పులకు బ్రిటన్ 2015 జనవరిలో ఒక హద్దు పెట్టింది. వడ్డీ, రుసుములు, జరిమానాలు అన్నీ కలిపినా అసలును మించరాదు. 1855లో మన దేశంలో హద్దులు చెరిపేసిన దేశమే ఇప్పుడు విజ్ఞానేశ్వరుడికి తెలిసిన ఆ కొలతకు వచ్చింది. రాష్ట్రాల చేతులు సుప్రీంకోర్టు తీర్పుతో కట్టుబడ్డాయి గనుక ఈ పని ఇక రిజర్వు బ్యాంకుదే. ఫైనాన్సు కంపెనీ అయినా, ఫోన్ యాప్ వెనకున్న సంస్థ అయినా, చిన్న అప్పు మీద రాబట్టే మొత్తం భారం అసలును దాటకూడదని అది ఒక్క ఉత్తర్వుతో చెప్పాలి. ఆలూరులోనూ బళ్లారిలోనూ ఆ ఉత్తర్వు ఒకేలా అమలు కావాలి.