తూకాన్ని కొలతలో పట్టే ప్రయత్నం

నల్ల తుపాకిమందు రోజుల్లో తుపాకికి మందు కొలవడం పెద్ద చిక్కు కాదు. 16, 17 శతాబ్దాల ఐరోపా సిపాయిల భుజాన తోలు పట్టీ ఉండేది, దానికి చిన్న కొయ్య సీసాలు వేలాడేవి. ఒక్కో సీసాలో ఒక్క కాల్పుకు సరిపడే మందు నింపుకునేవారు. ఆ తర్వాత వాడిన కొమ్ముబుర్రలతోనూ, లోహపు గిన్నెలతోనూ జరిగింది ఇదే. మందు కాస్త అటూ ఇటూ అయినా తుపాకి ఓర్చుకునేది.

ఆ ఓర్పు 1884తో పోయింది. ఆ ఏడాది ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందు తయారుచేశాడు. అదే ఏడాది అమెరికాలోని న్యూ హేవెన్‌లో జాన్ బార్లో ఐడియల్ అనే సంస్థ పెట్టి, కాల్చిన తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునే పనిముట్లు అమ్మడం మొదలుపెట్టాడు. కొత్త మందు బలం పాతదానికన్నా చాలా ఎక్కువ. పాత గిన్నెతో దాన్ని నిండుగా కొలిచి పోస్తే గొట్టమే పగిలిపోతుంది. అందుకే కొందరు తయారీదారులు పాత కొలతకే సరిపోయేలా గుల్లగా ఉండే పొగలేని మందు చేశారు. నోబెల్ బాలిస్టైట్ లాంటి చిక్కటి రకాలకు మాత్రం తూకం తప్పనిసరి. ఆ తూకం గ్రెయిన్లలో. పౌనుకు 7000 గ్రెయిన్లు.

కానీ ప్రతి తూటాకూ త్రాసు పట్టాలంటే పని సాగదు. పైన మందు తొట్టి, కింద పిడితో తిరిగే డ్రమ్, డ్రమ్ములో చిన్నా పెద్దా చేసుకోగల గుంట: ఐడియల్ పనిముట్లతో స్థిరపడిన అమరిక ఇదే. 1925లో ఐడియల్ లైమన్ అనే సంస్థ చేతికి వచ్చింది. తర్వాత లైమన్ తెచ్చిన 55వ నంబరు కొలపాత్రలో గుంటను సరిచేయడానికి మూడు స్లైడులు ఉండేవి. లోపల పట్టుకున్న గింజలు రాలేలా తట్టడానికి ఒక చిన్న సుత్తి కూడా అమర్చారు.

అయినా గుంట మారకుండానే తూకం మారేది. మానికను కుదిపి కొలిస్తే గింజలు ఎక్కువ పట్టినట్టే, తొట్టి నిండుగా ఉన్నప్పుడు పై బరువుకు మందు గట్టిగా సర్దుకుంటుంది, తొట్టి ఖాళీ అవుతుంటే వదులవుతుంది. పిడి ఒకసారి నెమ్మదిగా, ఒకసారి విసురుగా తిప్పినా తేడా వస్తుంది. సన్నని పుల్లల్లా ఉండే మందు మరీ చిక్కు: పుల్లలు అడ్డంపడి గుంట నిండదు, డ్రమ్ అంచు వాటిని తెంపుతుంటే చేతికి కరకరమని తగులుతుంది. 1930లలో వెస్టర్న్ కాట్రిడ్జ్ సంస్థ రూపొందించిన గుండ్రటి గింజల మందు నీళ్లలా జారేది గానీ, అందరికీ కావలసిన మందు అది కాదు.

అసలు ముందడుగు ఇక్కడే పడిందని నా అభిప్రాయం. సూక్ష్మమైన స్కేలు గీతలకన్నా మందు పడే తీరును అదుపుచేయడం ముఖ్యమని కొందరు గ్రహించారు. పెన్సిల్వేనియాలోని బెల్డింగ్ అండ్ మల్ కొలపాత్రలో పెద్ద తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి ఉండేది. పైన ఎంత మందు ఉన్నా, కొలిచే చోట ఒత్తిడి దాదాపు ఒకేలా ఉండేది. ఈ ఆలోచనకు దక్కాల్సినంత పేరు దక్కలేదు. ఇంట్లో పనిచేసుకునేవారు దీన్నే తేలికగా సాధించారు: రేకు ముక్కను వంచి, రంధ్రాలు చేసి తొట్టి అడుగున అడ్డుగా నిలిపారు. డ్రమ్ గరుకుతనం పోయేలా నున్నగా చేశారు. స్థిరవిద్యుత్తుకు గింజలు అంటుకోకుండా ప్లాస్టిక్ తొట్టి లోపలి గోడను శుభ్రం చేసుకున్నారు. ఏ మార్పు చేసినా కొన్ని కొలతలు తూచి చూశాకే తూటా నింపాలి. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

అమెరికాలో బెంచ్‌రెస్ట్ పోటీలకు, అంటే తుపాకిని బల్ల మీద ఆనించి గురి చూసే పోటీలకు, జాతీయ సంఘం ఏర్పడ్డాక ఈ పని కళగా మారింది. హోమర్ కల్వర్ అనే ఆయన పాత కొలపాత్రలో ఇత్తడి భాగం అమర్చి, టిక్కుటిక్కుమంటూ మెట్లుమెట్లుగా తిరిగే సర్దుబాటు పెట్టాడు. పోటీ మైదానంలోనే ఎండను, గాలి తేమను బట్టి ఒకటి రెండు మెట్లు మార్చుకునే వీలు కలిగింది. తర్వాతి తయారీదారులు ఆ పద్ధతినే అనుసరించారు.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ త్రాసులు గ్రెయినులో 50వ వంతు వరకు చూపిస్తున్నాయి, అంటే దాదాపు ఒక్క మందు పుల్ల బరువు. 1000 గజాల దూరం కాల్చేవారికి అంత పట్టింపు అవసరమే, ఎందుకంటే వేగంలో తేడా అక్కడ గుళ్లను పైకీ కిందికీ చెదరగొడుతుంది. 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ ఆటగాళ్లలో చాలామంది మాత్రం నేటికీ త్రాసు తీయకుండా, డ్రమ్ పిడి తిప్పే మందు కొలుస్తున్నారు.